రేపు పదింటికి ముత్యాలకు ఎక్స్‌రే

ఇంకెంతసేపు తోముతారు అత్తయ్యా ఆ కుళాయిని? అద్దంలా ఉంది కదా. ఇలా వచ్చి కూర్చోండి. నేను నోరు తెరవగానే నీళ్లు వదిలి వినపడనట్టు నటించడం పాతికేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

వదిన చేసిన పని తెలుసుగా? నాతో ఒక్క మాటైనా అనకుండా పొద్దున్నే మీ ముత్యాల హారం పట్టుకుని తిన్నగా మా మ్యూజియానికి వచ్చేసింది. ప్రదర్శనలో పెట్టుకోండి, కింద మా అమ్మ పేరు రాయండి అందట. డైరెక్టర్‌గారు లేచి నిలబడి మరీ అందుకున్నారు. నేను క్యాంటీన్ నుంచి వచ్చేసరికి సంతకాలు, సీలు అన్నీ అయిపోయి హారం ఇనప్పెట్టెలో ఉంది.

రేపు పదింటికి ప్రతి ముత్యానికీ ఎక్స్‌రే తీస్తారు. మీ అబ్బాయికి చెబితే, 'ముత్యాలకి కూడా ఎముకలు విరుగుతాయా' అని నవ్వారు. నవ్వరూ మరి? ఇరుక్కున్నది ఆయన మెడ కాదుగా.

ఎందుకు తీస్తారంటే... వినండి. మీ ముత్తవ్వకి రాణిగారు ఈ హారం ఇచ్చిన రోజుల్లో ముత్యమంటే మనిషి ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దూకి తెచ్చేది. వందల గుల్లలు తెరిస్తే ఏ ఒక్కదాంట్లోనో ఉండేది. లోపలిదాకా ఉల్లిపాయలా పొర మీద పొర. పెంచిన ముత్యాలు బజారుకొచ్చి వందేళ్లు దాటిందేమో, అంతే. గుల్లలో మనుషులే ఓ పూస పెడతారు, దానిమీద పల్చగా పొర కడుతుంది. పైకి అన్నీ ఒకటే. ఎక్స్‌రేలో మాత్రం లోపలి పూస గుండ్రంగా బయటపడుతుంది.

పతకంలో వజ్రాలకి భయం లేదు. అవి నిజంగా పాతవే. బరువు తగ్గకూడదని అప్పట్లో పైపైనే సానబట్టి, వెనక రేకు పెట్టి మూసేసేవాళ్లు. దీపం వెలుగులో మెరిసేది సగం ఆ రేకే. నీళ్లు తగిలితే నల్లబడి చస్తుంది. వాటిని మీరు కడగలేదు, బతికిపోయాం.

ముత్యాల్నే కడిగారు.

అలా చూడకండి. ఇత్తడికీ, కుళాయికీ, కళ్లజోడుకీ మీకు తెలిసిన మందొకటే, నిమ్మరసం. ముత్యం రాయి కాదత్తయ్యా. ఒక రకం సున్నం. పులుపులో నానితే కరుగుతుంది. మీరు తీసి చూసేసరికి సుద్దముక్కలు. మామయ్యగారికి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారని గుట్టుగా కంసాలి దగ్గర కొత్తవి వేయించారు. ఆ కంసాలి పోయి తొమ్మిదేళ్లు. ఇక సాక్ష్యం చెప్పేదెవరు?

ఎలా తెలిసిందా? పాడైనవాటిని పారేయడానికి మనసొప్పక పౌడర్ డబ్బాలో దాచారు కదా. నిరుడు మీ బీరువా సర్దుతుంటే నా చేతికి దొరికింది.

ఇప్పుడు నా సంగతి చూడండి. పట్టుదారం సాగుతుందని మూడేళ్లకోసారి హారం విప్పి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడేసి మళ్లీ గుచ్చేదెవరు? నేను. మా కోడలు తప్ప ఇంకొకరు ముట్టుకోలేదని ఊరంతా చెప్పుకున్నదెవరు? మీరు. రేపు అందరూ ఎవరివైపు తిరుగుతారు? 'నగల విభాగంలో పని చేస్తూ మా అమ్మ ముత్యాలే మార్చేసిందా' అంటుంది వదిన. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అంటాను.

డబ్బా నేను పట్టుకెళ్తే లాభం లేదు. నేనే పాడుచేశానంటారు. మీరు రావాలి, మీ నోటితో చెప్పాలి. ఎనభై ఏళ్ల మనిషిని జైల్లో పెట్టరు లెండి. మహా అయితే వదిన ఓ నెల మీతో మాట్లాడదు. మీకూ కాస్త విశ్రాంతి.

ఏమిటీ? వస్తారా?

నిజంగా? ఏ చీర కట్టుకోవాలో తర్వాత చూద్దాం. ముందు ఏం చెబుతారో నాకోసారి చెప్పండి.

ఊఁ... నిమ్మరసం... కంసాలి... ఊఁ. మనవరాలు బళ్లో చేరిన ఏడు. అవును, బాగానే గుర్తుంది మీకు.

ఆ ఏడు మాత్రం చెప్పకండి.

ఎందుకంటే... ఆ మరుసటేడే దారం మార్చడానికి విప్పాను. భూతద్దం పెట్టి రంధ్రంలోకి చూశాను. పూసకీ పొరకీ మధ్య వెంట్రుకంత గీత. నూట ముప్పై ఆరింటికీ ఉంది. అప్పటికి పాత నగల మీద నేను రాసిన పుస్తకం అచ్చుకి సిద్ధం. అట్ట మీద బొమ్మ ఈ హారానిదే. 'ప్రతి ముత్యాన్నీ స్వయంగా పరిశీలించాను, అన్నీ సహజమైనవే' అని లోపల నా వాక్యం. రాసిన రోజున అది నిజమే. అచ్చుకి పంపిన రోజున కాదు. కొట్టేయడానికి ఒక్క గీత చాలు. గీయలేదు. ఆ పుస్తకం చూసే నాకీ కుర్చీ ఇచ్చారు.

ఇంటి పరువు కోసం నోరు మూసుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. మీ పరువుతో నాకేం పని అత్తయ్యా?

పుస్తకం వచ్చాక కడిగానని చెప్పండి. రెండేళ్లు అటూ ఇటూ, ఎవరడుగుతారు?

అబద్ధం చెప్పడం చేతకాదా? బాగానే ఉంది. హారం విప్పిన ప్రతిసారీ నా పక్కనే కూర్చుని, ముత్యాలు ఎంత బాగున్నాయో కదమ్మా అన్నారు. అవునత్తయ్యా అన్నాను నేను.