గోతాల మీద సైకిలు

(చిలకలూరిపేట దగ్గర ఒక పల్లె. ఇంటి హాల్లో పరిచిన గోతాల మీద తలకిందులుగా నిలబెట్టిన సైకిలు. దాని ముందు మాధురి, పక్కన ముక్కాలిపీట మీద ఆమె నాయనమ్మ హనుమాయమ్మ.)

“కొత్తది కొనుక్కోమన్నానా లేదా? గుంటూరు బ్రాడీపేటలో సైకిళ్ళ కొట్టాయన మంచిది చూపించాడన్నావుగా.”

“చూపించాడు. ఒక్క వేలితో ఎత్తొచ్చు, అంత తేలిక.”

“మరి?”

“అది పగిలితే అతకదు నాయనమ్మా. ఇది ఇనుము. ఆ లడఖ్ దారుల్లో ఇరిగినా, లారీలు బాగుచేసే షెడ్డు ఒక్కటి కనపడితే చాలు, వెల్డింగు పెట్టించుకోవచ్చు.”

“ఇరగడం గురించి ఇప్పటినుంచే మాట్లాడతావేంటే.”

“నువ్వడిగితేనేగా.”

“నేనడిగింది కొత్తది ఎందుకు కొనవని.”

“చెప్పాగా.”

“చెప్పలా. ఇది మీ అన్నది కాబట్టి అని చెప్పలా.”

“ఆ పానా ఇటివ్వు. అది కాదు, చిన్నది.”

“గచ్చంతా నూనె చేస్తున్నావు.”

“గోతాలు పరిచాగా. ఎటూ ఖాళీగా పడున్నాయి.”

“లడఖ్ నుంచి వచ్చాక లారీలోంచి దించినప్పుడు దీనికి పట్టా చుట్టి ఉంది. మీ నాన్న విప్పనియ్యలా. అట్టాగే కొట్టంలో పడేయించాడు.”

“తుప్పు పట్టింది చైను ఒక్కటే. మార్చేశా. ఆగు.”

“ఏమైంది?”

“ఏం లేదు. ఈ గోతాల ఘాటుకి గొంతు పట్టింది.”

“మంచినీళ్ళు తాగు.”

“తాగుతాలే. ఈ పళ్ళ చక్రం పట్టుకో.”

“ఇదేంటి, ఇంత చిన్నదైపోయింది?”

“ముందు చిన్నది, వెనక పెద్దది వేయించా. అప్పుడు ఎంత ఎత్తయినా తొక్కుడు తేలిక. కాకపోతే మెల్లగా పోద్ది.”

“ఎంత మెల్లగా?”

“నువ్వు నడిచినంత.”

“నాకు మోకాళ్ళ నొప్పులు.”

“అంతే మెల్లగా.”

“ఆ మాత్రానికి సైకిలెందుకు? నేనే వస్తా నడుచుకుంటా.”

“సామాన్లు నీ నెత్తిన పెడతా మరి.”

“నవ్వించకు. వాడూ ఇట్టాగే నవ్వించాడు, ఈ హాల్లోనే కూర్చుని. బ్రేకుల సంగతి చెప్పు.”

“ఆయిలువి తీసేసి తీగలవి వేయించా. తీగ తెగితే దారిలో నేనే మార్చుకోగలను.”

“బరువుకి ఆగుతాయా?”

“మార్టూరు నుంచి గ్రానైటు ముక్కలు తెచ్చి, సంచుల్లో వేసి, కోటప్పకొండ మీద నుంచి దిగా. ఆగినయ్యి.”

“ఎక్కిన సంగతి చెప్పు.”

“ఎక్కకుండా ఎట్టా దిగుతా?”

“ఎక్కేటప్పుడు ఆగావా?”

“ఒకచోట ఆగా. మంచినీళ్ళకి.”

“నీతో వచ్చే పిల్ల, హేమశ్రీ, నాకు ఇంకోటి చెప్పింది.”

“ఏం చెప్పింది?”

“ఊపిరాడక రోడ్డు పక్కన కూలబడ్డావని.”

“ఆ రాళ్ళు మోస్తే దానికీ ఆడదు. ఖాళీ సైకిలు మీద వచ్చి కబుర్లు చెప్పింది.”

“మాధురీ.”

“ఊ.”

“అక్కడికి పోయి ఏం చేస్తావే?”

“ఏం చెయ్యను. అన్నయ్య ఆగిపోయిన మలుపు చూసి దిగొస్తా.”

“చూస్తే?”

“ఆ మలుపు నేనే కల్పించుకుంటున్నా నాయనమ్మా. రోజుకో రకంగా ఉంటోంది. ఒకరోజు రాళ్ళు, ఒకరోజు లోయ. ఒక్కసారి చూస్తే అది ఒకటే అవుద్ది.”

“నాకూ వస్తుంది కళ్ళ ముందుకి. నాకైతే అందులో రోడ్డే లేదు. అంతా మంచే.”

“మరి?”

“మరి అంటే పొమ్మని కాదు. మీ తాతని గుంటూరు ఆస్పత్రికి ఆటో ఎక్కించా. మీ అన్నని రైలెక్కించా. ఇద్దరూ తిరిగి రాలా. ఎక్కించడం ఇంక నా వల్ల కాదే.”

“ఈసారి గుమ్మం దాకా రాకు. లోపలే ఉండు.”

“లోపల ఉంటే తెలీదా?”

“అదిగో, ఆ డబ్బాలో గ్రీజు ఉంది, అందుకో.”

“ఒక్కటడుగుతా. వాడికి సైకిలు చెడిపోలేదు కదా. దీనికి గీత కూడా పడలేదు.”

“పడలేదు.”

“మరి సైకిలు బాగుచేస్తున్నావేంటి?”

“నా చేతిలో ఉన్నది ఇదే కాబట్టి.”

“అక్కడి డాక్టరు ఏమన్నాడు, మళ్ళీ చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పాలి?”

“మళ్ళీ చెప్పు.”

“ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కింద నుంచే జబ్బు పట్టుకొచ్చాడు, ఎత్తుకి పోయేసరికి ముదిరిందన్నాడు. ఇక్కడ దగ్గలేదా అని అడిగాడు.”

“దగ్గాడు.”

“అందరం దగ్గాం నాయనమ్మా. ఆ ఏడు ధర రాలేదని హాలంతా మిరప బస్తాలు. నాన్న దగ్గాడు, నువ్వు దగ్గావు, పాలు పోసే యలమందయ్య గుమ్మంలో నిలబడి దగ్గాడు. అన్నయ్య దగ్గు ఆ దగ్గుల్లో కలిసిపోయింది. ఘాటే అన్నాం. వాడూ అదే అన్నాడు.”

“అన్నాడు. బస్తా మీద కూర్చుని, నవ్వుతా.”

“ఏడవకు.”

“ఏడవట్లా. నీకు దగ్గొస్తే?”

“ఎంత ఎత్తులో ఉన్నా వెనక్కి దిగిపోతా. హేమశ్రీకి కూడా చెప్పా, నేను మొండికేసినా లాక్కుపొమ్మని.”

“ఇక్కడే వస్తే?”

“బయల్దేరనే బయల్దేరను.”

“నా మీద చెయ్యేసి చెప్పు.”

“చేతులనిండా గ్రీజు.”

“ఉండనీ. చీరేగా, ఉతుక్కుంటా.”

“ఒట్టు. దగ్గుంటే బయల్దేరను.”

“సరే అయితే. వెళ్ళు.”

“వెళ్ళు ఏంటి? వెళ్ళిరా అనాలి.”

“వెళ్ళిరా. చాలా? రైలెప్పుడు?”

“ఎల్లుండి. హేమశ్రీ విజయవాడలో ఎక్కుద్ది. ఇదిగో, తిప్పి నిలబెడుతున్నా, ఆ హ్యాండిలు పట్టుకో. ఊ. ఇప్పుడు బెల్లు కొట్టు.”

“వాడి బెల్లేనా?”

“వాడిదే. అదొక్కటి మార్చలేదు. కొట్టు. ఆగు, ఒక్క నిమిషం.”

“ఏమైందే? కూర్చో. సైకిలు నేను పట్టుకున్నా, నువ్వు కూర్చో. ఇందాకటి నుంచీ ఏంటే ఆ దగ్గు?”

“ఏం లేదు నాయనమ్మా. ఘాటు.”

“గోతాలు ఖాళీగా ఉన్నాయే మాధురీ. ఈ ఏడు మనం మిరప వెయ్యలేదు.”