సమాధుల ఆదివారం భోజనం ఎక్కడ?

లేదు సెనన్, ఆ హోటల్‌కి నేను రాను. డొనల్‌కి చెప్పాను, ఓర్లాకి చెప్పాను, ఇప్పుడు నీకూ చెబుతున్నాను. నువ్వలా మౌనంగా పడుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలుసులే. బతికున్నప్పుడూ అంతేగా! ఏదైనా అడిగితే కిటికీలోంచి సముద్రం కేసి చూసేవాడివి. ఇప్పుడు సముద్రం పక్కనే పడక. ఇక నీ సుఖానికేం తక్కువ?

ఉండు, మోకాళ్ళ కింద ఈ కోటు మడిచి వేసుకోనీ. నేలంతా తడి. జులై నెలట, ఎవరు నమ్ముతారు!

ఎల్లుండే సమాధుల ఆదివారం. నువ్వు పోయాక మొదటిది. పూజ అవగానే ఫాదర్ లినాన్ గారు ఒక్కో సమాధి దగ్గరికీ వచ్చి పవిత్ర జలం చల్లుతారు. జనం కళ్ళు మూసుకుని జపం చెబుతున్నట్టే ఉంటారు గానీ, ఎవరి సమాధి ఎలా ఉందో ఓరకంట చూస్తూనే ఉంటారు. అదిగో, నీ పక్కన టబ్రిడీ వాళ్ళది చూడు. కొత్త తెల్ల గులకరాళ్ళు, పాలరాతి దేవదూత, ఆ దేవదూత చేతిలో మళ్ళీ ఎండకి చార్జయ్యే దీపం! బతికున్నన్నాళ్ళూ వాకిట్లో బల్బు వేయించుకోని మనిషికి.

తప్పు తప్పు, దేవుడు నన్ను క్షమించాలి. పోయినవాళ్ళ పక్కన కూర్చుని చాడీలేమిటి నేను?

సరే. నీ రాయి మీద నాచు గీకేస్తాను, కలుపు పీకేస్తాను, జెరేనియం మొక్క ఒకటి తెచ్చాను, పెడతాను. ఇది నా చేతిలో పని. ఆ తర్వాత భోజనం సంగతే తేలడం లేదు.

దీవెన అయ్యాక ఇంట్లో పొయ్యి వెలిగించే కుటుంబం మన కారిగ్‌బెగ్‌లో ఉందా? అందరూ బయటే తింటారు. ఎవరు ఎవరితో, ఎక్కడ కూర్చుని తిన్నారో సోమవారం పొద్దున్నకల్లా క్లేర్ కౌంటీ అంతా చెప్పుకుంటుంది. ఎవరు రాలేదో అది ఇంకా ముందు చెప్పుకుంటుంది.

మీ తమ్ముడు డొనల్ ఏమో స్టెల్లా హోటలంటాడు. "అమ్మానాన్నల సమాధి దీవించిన నాటి నుంచీ అక్కడే తింటున్నాం కదా వదినా," అంటాడు.

"అందుకే ఇక చాలంటున్నాను," అన్నాను.

నువ్వే చెప్పు, అదేం తిండి? ట్రే పట్టుకుని వరసలో నిలబడాలి. గుజ్జు చేసిందొకటి, కాల్చిందొకటి, నూనెలో వేయించిందొకటి, ఒక్క బంగాళాదుంపే మూడు వేషాలు వేసుకుని పళ్ళెంలోకొస్తుంది. మాంసం ముక్క ఆ గ్రేవీ మడుగులో ఎక్కడ మునిగిందో మనమే దేవుకోవాలి. క్యాబేజీ సంగతి ఎత్తకు, అది మనం బాప్తిస్మం పుచ్చుకున్ననాడు పొయ్యెక్కి ఉంటుంది. కిటికీ నిండా సముద్రం. ఆ సముద్రంలోంచి ఒక్క చేపైనా వాళ్ళ వంటింటి దాకా నడిచి రాదు!

ఇక నీ కూతురు. ఓర్లా గాల్వే నుంచి ఫోన్ చేసి, "అమ్మా, పాత పోలీసు ఠాణాలో కొత్తది పెట్టారు కదా, అక్కడికి వెళ్దాం," అంది. ఈస్టరుకి తీసుకెళ్ళిందిలే నన్ను. ప్రేమగానే తీసుకెళ్ళింది, కాదనను. కానీ సెనన్, పళ్ళెం లేదు! ఇంటి కప్పు మీద పరిచే నల్ల పలక ఉంటుందే, దాని మీద వడ్డించారు. పులుసు ఆగుతుందా పలక మీద? నా మంచి స్కర్టు మీదికి జారింది. దాని పక్కన పచ్చటి నురగ. ఏమిటమ్మా ఇదంటే సముద్రపు పాచిట. ఆ పాచిని మా నాన్న గాడిద మీద తోలుకొచ్చి బంగాళాదుంప మళ్ళలో ఎరువు వేసేవాడు. నేను మాత్రం ఏం అనలేదు. మెల్లగా, "ఎరువు బాగుంది," అన్నానంతే.

"అమ్మా, ఇది రుచి చూడ్డానికి, కడుపు నింపుకోవడానికి కాదు."

"మరి కడుపు నింపుకోవడానికి ఎక్కడికి పోదాం తల్లీ?"

దారిలో బీచి దగ్గర చిప్స్ బండి కనబడితే కారాపింది. కాగితం పొట్లంలో, వెనిగరు కారుతూ, కారు అద్దాలన్నీ ఆవిరి పట్టేలా తిన్నాం. అదీ తింది, నా పొట్లంలోంచి కూడా తింది! అయితే నీ దీవెన రోజున పదకొండు మందిని తీసుకెళ్ళి చిప్స్ బండి ముందు నిలబెట్టలేను కదా.

మిగిలింది ఒక్కటే చోటు.

చూడు, పేరు ఎత్తకముందే గాలి మారింది. రాయి కూడా చల్లబడినట్టుంది నీది.

ఫ్లాన్ హెహిర్ వాళ్ళది. రేవు మీద, ఆకుపచ్చ తలుపు.

నాకు గుర్తు లేదనుకోకు. మన ఇంట్లో అన్నీ గుర్తుపెట్టుకునేది నేనే కదా, ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరు ఎవరితో పలకడం మానేశారు. మన పెళ్ళయిన మరుసటేడు పడవ పందెం. మలుపు దగ్గర ఫ్లాన్ అడ్డమొచ్చాడన్నావు, అతని తెడ్డు తగిలి నీ తెడ్డు విరిగిందన్నావు. అతను నిజంగా అడ్డమొచ్చాడో, నీ కళ్ళలో ఉప్పునీళ్ళు పడ్డాయో పైవాడికే తెలియాలి. నేను గట్టు మీద టోపీ ఎగిరిపోతుంటే పట్టుకుంటున్నాను, చూడలేదు.

తడి బట్టలతో వచ్చి, ఊరంతా వింటుండగా ఆ తలుపు ముందు నిలబడ్డావు. "నా ఒంట్లో ప్రాణముండగా ఈ ఆకుపచ్చ తలుపు దాటను. హెహిర్‌తో ఒక్క మాట మాట్లాడను," అన్నావు. నీ పక్కన డొనల్, నీళ్ళు ఓడుతూ, "నేనూ అంతే," అన్నాడు. నువ్వేది చేసినా అతను నేనూ అంతే అనేవాడేగా.

నిన్న డొనల్ దగ్గర ఆ పేరు ఎత్తాను. టీ కప్పు దించేశాడు.

"వదినా! అన్నయ్య సమాధి మీద పవిత్ర జలం ఆరకముందే వెళ్ళి హెహిర్ చేపల సూపు, ఆ చౌడర్ తాగుతావా?"

"తాగుతాను. వేడిగా ఉండగానే."

"అయితే నేను రాను. ఇంటికెళ్ళి బీన్స్ డబ్బా తెరుచుకుంటాను."

తెరుచుకుంటాడు సెనన్, అన్నంత పనీ చేస్తాడు. పెళ్ళా, పిల్లలా? ఆ కుక్కా, అతనూ. నువ్వు పోయాక నీదంటూ అతనికి మిగిలింది ఆ ఒట్టు ఒక్కటే. దాన్ని లాక్కుంటే ఏం పట్టుకుని బతుకుతాడు? అతను లేకుండా ఫ్లాన్ దగ్గర కూర్చుంటే నాకు ముద్ద దిగదు. స్టెల్లాకి వెళ్తే ఎవరున్నా దిగదు.

అంత పట్టుదల ఎందుకే నీకు, చౌడర్ దొరకని ఊరా ఇది, అంటావు.

చెబుతాను. ఈ మొండి కలుపు వేరు ఊడి రావడం లేదు... ఆ, వచ్చింది.

నువ్వు పోయాక, ఈస్టరుకి ముందు తపస్సు కాలంలో ఒక శుక్రవారం. చర్చిలో సిలువ మార్గం ప్రార్థన అయ్యాక బస్సు రాలేదు. వాన అడ్డంగా కొడుతోంది. రేవు మీద తలదాచుకోవడానికి ఆ గుమ్మమే ఉంది. నేను తలుపుకి ఆనుకున్నానో లేదో, గాలి నెట్టింది, తలుపు తెరుచుకుంది, నేను లోపలున్నాను. ఒట్టు వేసింది నువ్వు, నేను కాదు. అయినా భయమేసి సిలువ గుర్తు వేసుకున్నాను.

ఫ్లాన్ ఏమీ అడగలేదు. నా కోటు తీసుకుని పొయ్యి దగ్గర ఆరేశాడు. గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. పాలూ వెన్నా, పొగబెట్టిన చేప, పీత మాంసం, గరిటె నిలబడేంత చిక్కగా. చూద్దును కదా, ఒక్క ఆల్చిప్ప కూడా లేదు. పక్క బల్ల వాళ్ళ గిన్నెల నిండా ఉన్నాయి. పక్కన ముదురు గోధుమ రొట్టె, మధ్య ముక్క కాదు, అటు చివరా ఇటు చివరా కోసిన రెండు మాడు ముక్కలు.

ఈ లోకంలో ఆల్చిప్పలు ఏరి పారేసి, రొట్టె చివరలే తినే మనిషిని నేను ఒకే ఒక్కణ్ణి ఎరుగుదును. నలభై ఏళ్ళు వడ్డించాను.

తలెత్తి చూశాను. ఫ్లాన్ ఉడికిన పీతలా ఎర్రబడ్డాడు.

"మీ ఇంట్లో ఇలాగే తింటారనుకున్నాను డీలియా. మీకు... మీకు తెలుసనుకున్నాను."

ఇక దాచలేకపోయాడు పాపం. తుపాను వచ్చిన ఆ చలికాలం, రోడ్లు మునిగి, పీతలు కొనే లారీ రాలేదు. నీ బుట్టల నిండా పీతలు. వాటిని పారబొయ్యలేక రేవు సందులోంచి వాళ్ళ వంటింటి తలుపు దగ్గరికి మోసుకెళ్ళావట. అతను తలుపు తీశాడు. నువ్వు దించావు. నీ చేతులు నీలం తిరిగి ఉన్నాయట. అతను బల్ల మీద గిన్నె పెట్టాడు. నువ్వు కూర్చున్నావు, తిన్నావు, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయావు. మళ్ళీ మంగళవారం వచ్చావు. ఆ పై మంగళవారమూ!

"మరి ఏం మాట్లాడుకునేవాళ్ళు?" అన్నాను.

"మాటా? దేవుడి మీద ఒట్టు డీలియా, ఇన్నేళ్ళలో ఒక్క మాట లేదు. ఉప్పు కావాలంటే వేలితో చూపించేవాడు. ఆకుపచ్చ తలుపు వైపు కన్నెత్తి చూడలేదు. సెనన్ మాట తప్పే మనిషా?"

గర్వంగా చెప్పాడయ్యా! కళ్ళు తుడుచుకుంటూ మరీ చెప్పాడు. నీ అంత్యక్రియల నాడు అతను చర్చి బయట గోడ దగ్గర వానలో నిలబడితే పొగరనుకున్నాను నేను. నీ కుర్చీ ఇంకా ఆ వంటింటి గోడకి ఆనించే ఉంది. ఎవర్నీ కూర్చోనివ్వడు.

మంగళవారాలు! ఎన్నిస్ పట్నానికి పడవ తాళ్ళు కొనడానికి వెళ్తున్నానని కదూ చెప్పేవాడివి? నువ్వు కొన్న తాళ్ళన్నీ నిజమైతే ఈపాటికి అమెరికాని లాక్కొచ్చి మన రేవుకి కట్టేసి ఉండేవాళ్ళం. ఇంటికొచ్చి ఆకలి లేదనేవాడివి. మంగళవారం పునీత అంతోని వారి రోజు కదా అని, పోయినవన్నీ వెతికిపెట్టే ఆయన కదా అని, నీ ఆకలి వెతికి పెట్టమని కొవ్వొత్తులు వెలిగించాను నేను. ఆయన ఆ గూట్లో ఎంత నవ్వుకున్నాడో!

ఆ శుక్రవారం నుంచీ ప్రతి శుక్రవారం అక్కడే తింటున్నాను. ఇదిగో, చెప్పేశాను. మంచి తిండి. మధ్య ముక్కే అడిగి తింటాను.

ఇవాళ పొద్దున్న డొనల్ ఇంటికెళ్ళాను. "మీ అన్నయ్య ఏ తలుపు దాటనన్నాడు?" అన్నాను.

"ఆకుపచ్చ తలుపు."

"మరి నువ్వు?"

"నేనూ అంతే."

"వాళ్ళ వెనక తలుపు ఏ రంగు?"

చాలాసేపు కుక్క తల నిమిరాడు. "నేనెప్పుడూ చూడలేదు వదినా," అన్నాడు.

"తెల్లది. వంటింట్లోంచి వెళ్దాం. ఫ్లాన్‌తో నువ్వు మాట్లాడక్కర్లేదు. ఉప్పు కావాలంటే వేలు చూపించు."

"అన్నయ్య ఒప్పుకునేవాడంటావా?"

"మధ్యాహ్నం సమాధి దగ్గరికి వెళ్తున్నాను, అడిగి చూస్తాను," అన్నాను.

అడిగాను. నువ్వేమీ అనలేదు. డొనల్‌కి అదే చెబుతాను, ఏమీ అనలేదని. అబద్ధం కాదుగా.

మిగతాది చెప్పనులే, కంగారు పడకు. నువ్వు బండరాయివని అతని నమ్మకం, బండరాయిగానే ఉండు. ఎల్లుండి మన వంశమంతా చెత్త డబ్బాల పక్కనుంచి, బంగాళాదుంప తొక్కలు దాటుకుంటూ, ఓర్లా ఎత్తు మడమల చెప్పులతో సహా, వరసగా ఆ వంటింట్లోకి నడుస్తుంది. ఊరు నవ్వితే నవ్వనీ. డీలియాకి వయసు మీదపడి మతి పోయిందంటారు, అననీ. ఫ్లాన్‌కి చెప్పాను, నీ కుర్చీలో డొనల్‌ని కూర్చోబెట్టమని. అది ఎవరి కుర్చీయో అతనికి తెలియదు. ఫ్లాన్ చెప్పడు. అతనికి మాట్లాడకుండా ఉండటం బాగా అలవాటైంది కదా.

జెరేనియం కుదురుగా నిలబడింది. చూడు, టబ్రిడీల దేవదూత కన్నా మనదే బాగుంది.

కోపం లేదు నాకు. పరలోక జపంలో మా తప్పులను క్షమించుము అనే చోట కాస్త ఆగి, నిన్ను క్షమించేశాను. చాలావరకు క్షమించేశాను.

కానీ సెనన్, ఆ తెల్ల తలుపులోంచి నేనూ వచ్చేదాన్ని కదా. ఆ గోడ దగ్గర ఇంకో కుర్చీ పట్టేది, కొలిచి చూశాను. పలకకూడదంటే పలికేదాన్నా? నలభై ఏళ్ళు నీ ఎదురుగా కూర్చుని తిన్నదాన్ని. మాట్లాడకుండా తినడం నాకొకరు నేర్పాలా?