స్వెట్టర్ మీద చూసిన సైజు

ఫిన్లాండ్‌లో సరస్సు పక్కన, ఇంటి ఆడవాళ్ళంతా బట్టలు విప్పి ఆవిరి పట్టుకునే సౌనా ముందుగదిలో చెల్లెలు సైజు చూసుకోడానికి బ్రాలో ఎడమవైపు బియ్యం పోసి కట్టిన మేజోడు సర్దుకుని, స్వెట్టర్ కిందికి లాక్కుని అక్క ముందు నిలబడింది. ఆ వైపు రొమ్ము క్యాన్సర్‌కి పోయి ఏడాదైంది.

“ఇది మూడు వందల గ్రాములు. ఎలా ఉంది?”

“బాగానే ఉంది. పొద్దున్నుంచి ఇదే అడిగి నా ప్రాణం తోడేస్తున్నావు.”

“డాక్టరు ఇంప్లాంట్లు రెండు రకాలు చూపించాడక్కా. ఒకటి ముందుకు పొడుచుకొస్తుంది. ఇంకోటి వెడల్పుగా, చదునుగా ఉంటుంది. సహజంగా కనిపించాలంటే చదునుదే పెట్టించుకోమన్నాడు.”

“మనం స్వెట్టర్లేసుకుని సౌనాలో కూర్చుంటామా, పిచ్చిదానా? విప్పి చూడు. నీ కుడిది యాభై ఏళ్ళకి తగ్గట్టు జారింది. కొత్తది ఏది పెట్టినా పడుచుపిల్లలా నిలబడుతుంది.”

“అందుకే కుడిది కూడా పైకెత్తి కుడతానన్నాడు.”

“శుభ్రంగా ఉన్నదాన్ని కూడా కోస్తాడా?”

“రెండూ ఒకేలా ఉండాలంటే కొయ్యాలిట.”

అక్క సౌనా పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది.

“నువ్వేమనుకుంటున్నావు?”

“ఇంక కోయించుకునే ఓపిక నాకు లేదక్కా. చిన్నది, చదునుది చాలు. తేడా ఉంటే ఉండనీ.”

“ఆ తేడా చూసేది మేమే కదే! నువ్వు సౌనాకి రావడం మానేసినా, లోపల పై బల్ల మీద నీ చోట్లో అమ్మ ఎవర్నీ కూర్చోనివ్వట్లేదు.”

చెల్లెలు మేజోడు బయటికి తీసి అక్క చేతిలో పెట్టింది.

“ఈ బియ్యంలో పాలు పోసి రేపు జావ కాచెయ్.”

“మరి ఇప్పుడు?”

“పద, లోపలికే. కప్పుకోడానికి తువ్వాలు మాత్రం ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకు.”