పదో పాట

కళ్ళజోళ్ళ దుకాణంలో బావ కౌంటర్ మీదికి వంగి బావమరిది కళ్ళద్దాలకు మర బిగిస్తున్నాడు. అద్దాలు లేక బావమరిదికి ఆయన ముఖం మసకగా ఉంది. మాట్లాడటానికి అదే నయమనిపించింది.

"నీ రాక్ ఆల్బం ఇన్నాళ్ళకి విన్నాను బావా, నెట్‌లో. మూడో పాటలో డ్రమ్స్ ఆగిపోయి నీ గొంతొక్కటే మిగులుతుంది చూడు, ఒళ్ళు జలదరించింది. జనం అప్పట్లో ఎందుకు పట్టించుకోలేదో!"

"ఇన్నాళ్ళకా? మొదటి క్యాసెట్ నీకేగా ఇచ్చాను!"

"అంటే... మళ్ళీ విన్నాను. తొమ్మిది పాటలూ దేనికదే సాటి."

"నీ దాంట్లో పది కదరా."

"పదా?"

"చివరిది మీ అక్క పాడింది. తమ్ముడికి తప్ప ఎవరికీ వినిపించొద్దని ఒట్టు వేయించుకుంది. అందుకే ఆ ఒక్కదాంట్లోనే ఉంచాను. తను పోయాక నిన్ను ఎన్నిసార్లు అడుగుదామనుకున్నానో. ఒకసారి తెచ్చిపెట్టరా, తన గొంతు వినాలనుంది."

మళ్ళీ రికార్డు చేసి చెరపడానికి వీల్లేకుండా బావ మూలనున్న ప్లాస్టిక్ ముక్క విరిచి ఇచ్చిన ఆ క్యాసెట్‌కి, ఆ కన్నంలో కాగితం ముక్క కూరి మరీ, ఒక్క పాటా వినకుండానే, అతను అప్పట్లోనే పాటల మీద క్రికెట్ కామెంటరీ రికార్డు చేసుకున్నాడు.

"తెస్తాను బావా."

బావ అద్దాలు తుడిచి తనే అతనికి పెట్టాడు.

"ఇప్పుడు సరిగ్గా కనిపిస్తోందా?"

ఎదురుగా బావ ముఖం, దాని నిండా ఆశ.

"కనిపిస్తోంది," అన్నాడు అతను, తల దించుకుని.