వేలానికి పెట్టరాని కానుక

మంగళగి చర్చిలో కోతపండుగకు విశ్వాసులు దేవునికిచ్చిన కానుకల వేలం ముగిసింది. ఇంటికి రాగానే మనవరాలు అవ్వ మీద విరుచుకుపడింది.

“రెండు నెలలు కూసొని నీకోసం స్వెట్టర్ అల్లిన. దాన్ని వేలంల పెడ్తవా?”

“నాకేం ఇయ్యొద్దన్న గదా. ఇచ్చినంక నాది. నాది దేవునికిచ్చిన.”

“దేవుడు తొడుక్కున్నడా? వేలంల పాడి కొన్న ప్రేమమ్మ తొడుక్కొని నా ముందల్నే తిరుగుతాంది!”

“మంచిగుందా ఆమెకు?”

“అవ్వా! పోయినేడు చెప్పులు గూడ గట్లనే పాయె.”

“మళ్ల తేకు. పీడ పోతది.”

“తెస్త. వేలంల పెట్టరానిదే తెస్త!”

మనవరాలు గూట్లోంచి బైబిల్ లాగింది.

“ఏయ్, దాంతోటి నీకేం పని?”

“నీకు అక్షరాలు కానొస్తలేవు. ఇగ రోజుకో అధ్యాయం నేనే సదువుత. దీన్ని వేలంల పాడమను ప్రేమమ్మను!”

పళ్లు కొరుకుతూనే చదవడం మొదలుపెట్టింది. అవ్వ ఈసారి వద్దనలేదు.

“గంత కోపంగ సదివితే దేవుడు బెదురుతడు. జర మెల్లగ సదువు, బిడ్డా.”