పసుపు పెట్టే మూల

"మామా, నేను సేసిన మొదటి పెండ్లికార్డు. నువ్వు సరే అంటే ప్రెస్సుకు పంపించేస్తా."

పంపొద్దు, ఉండుమే! ఆ తెర మింద సూపిస్తే నాకేం తెలుస్తాది? కాగితం మింద ఒకటి తీసుకోనిరా... ఆ, ఇట్టియ్యి. కండ్లద్దాలు యాడ పెట్టినానో. సరే, కనపడతా ఉండాదిలే. ఇన్ని రకాల అక్షరాలు ఎందుకుమే? రెండు సాలు. తెర మింద మెరిసే ఎరుపు కాగితం మిందికొస్తే ఇటికరాయి మాదిరి అయిపోతాది. సుట్టూరా అర అంగుళం ఒదులు, కటింగ్ మిషనోడేమన్నా నీ మేనమామా, సూసి కోసేదానికి?

అయ్యయ్యో, ఈ మూలలో పేరేందిమే? దీన్ని సూసినాక నేను కూసోలేను, నిలబడే సెప్తా, విను.

మీయమ్మ పెండ్లికార్డు సేసింది నేనే. చిత్తూరు కోర్టు కాడ అంగడి పెట్టి ఏడాది... కాదు కాదు, రెండేండ్లయింది అప్పటికి. కార్డు రూపాయిన్నర. మనిండ్లలో కార్డు మింద నాయన పేరొకటే ఏసేవోళ్లు. మీయవ్వ, అదే మాయమ్మ, నన్ను పక్కకు పిలిచి "నా పేరు గూడా ఎయ్యరా అబ్బోడా" అనింది. సదువు రాదు ఆయమ్మకు. నన్ను నోరు తెరిచి అడిగింది అదొకటే. ఏసినా. యాడ? కొత్త కంప్యూటరు గదా, అందులో ఉండే పూలు, ఏనుగులు అన్నీ తెచ్చి నడిమంతా నింపేసినా. తావు లేక ఆమె పేరును కింద మూలకు తోసినా.

కార్డులు పంచేముందు నాలుగు మూలలా పసుపు పెడతాం గదా. మాయమ్మే పీటేసుకోని కూసోని, గిన్నెలో పసుపు కలుపుకోని, ఐదునూర్ల కార్డులకూ ఆమే పెట్టింది, ఏలితో గట్టిగా. నేను అంగడి నుంచి వచ్చి సూస్తే అన్నిట్లోనూ ఆమె పేరు పసుపు కింద. తుడిస్తే కాగితం సిరుగుతాది. మళ్లీ ఏసేదానికి టయిము లేదు.

సెయ్యి కడుక్కోనొచ్చి "నా పేరు యాడుండాదో సూపీరా" అనింది. నేను... మండపం పేరు మింద ఏలు పెట్టి "ఇదేమా" అన్నా. కండ్లకద్దుకునింది. ఆ కార్డు దాసిపెట్టుకోని, పోయేదాకా ఇంటికొచ్చినోళ్లందరికీ ఆ మండపం పేరే సూపించేది, "ఇది నేనే" అని. సదువొచ్చినోళ్లు అది సదివి, నా మొగం సూసేవోళ్లు. కార్డు మళ్లా ఆమె సేతికే ఇచ్చేసేవోళ్లు.

పో తల్లీ, మార్చుకోనిరా. నీ సేత్తో ఏసిన పేర్లు పదికాలాలు కనపడాల.