పొట్టి స్టూలు

వడ్రంగి తన పీట మీద కూర్చుని చెక్కకు చిత్రిక పడుతున్నాడు. కూతురు విసుగ్గా రంపం కింద పడేసింది.

“నాన్నా, నా స్టూలు ఇంకా ఊగుతూనే ఉంది!”

“మళ్ళీ ఏ కాలు కోశావే?”

“పొడుగ్గా ఉన్నది కోశాను. దాంతో ఇంకోటి పొడుగైంది. అదీ కోశాను. ఇప్పుడు చూడు, దీని మీద పిల్లి కూడా కూర్చోదు!”

“ఏడుస్తావా, మళ్ళీ మొదలెడతావా?”

“ఏడవడం ఎప్పుడో అయిపోయింది. కానీ నాన్నా, ఈ మూలకి జరిపితే మాత్రం అస్సలు ఊగట్లేదు. ఎందుకని?”

“నువ్వే చెప్పు.”

“అయ్యో! ఇందాక నేను పెట్టి చూసిన చోట నేల ఎగుడుదిగుడుగా ఉంది! తప్పు కాళ్ళది కాదు, నేలది!”

“అబ్బో, పట్టేశావే!”

“నీకు ముందే తెలుసు కదూ? తెలిసీ నవ్వుకుంటూ కూర్చున్నావా?”

“నోటిదాకా వచ్చింది తల్లీ, బలవంతాన మింగేశాను. నేను చెప్తే రేపటికి మర్చిపోతావు.”

“సరే, కొత్త కర్ర ఇవ్వు. ఈసారి చదునైన బల్ల మీద పెట్టి చూశాకే రంపం పట్టుకుంటా.”

“శభాష్! ఇదిగో, తీసుకో.”

“అవును నాన్నా, నీ పీటేంటి మరీ అంత పొట్టిగా ఉంది?”

“ఇదా? ఇదీ మొదట్లో స్టూలేనే. మీ తాత కూడా నాకు చెప్పలేదు.”